ఆ పాట పాడింది మా కోడలు

కుంతీ ఖరే నోట మెచ్చుకోలు మాట రాబట్టడం కన్నా గ్వారీఘాట్ దగ్గర నర్మదకు ఎదురీదడం తేలికని జబల్‌పూర్‌లో ఆ వీధివాళ్ళంతా చెప్పుకునేవారు. ఆవిడకు అరవై దాటాయి. ప్రతి మంగళవారం సాయంత్రం ఆవిడ ఇంటి ముందుగదిలో ఆడవాళ్ళ భజన జరుగుతుంది. ఎవరి శ్రుతి వెంట్రుకవాసి జారినా ఆవిడ పాట ఆపదు, కోప్పడదు. ఆ మనిషి వంక ఒక్కసారి చూస్తుంది, అంతే. ఆ చూపుకి జడిసి రామ్‌కలీ తివారీ కొన్నేళ్ళుగా పాడటం మానేసి పెదాలు మాత్రం కదుపుతోంది. ఆ సంగతి అందరికీ తెలుసు. కుంతికీ తెలుసు.

అలాంటి ఇంటికి కోడలై వచ్చింది పారుల్. సాగర్ పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల, బడిలో సంగీతం టీచరు. కాపురానికొచ్చిన కొత్తలో భజనలో ఒక పాట పాడమంటే పాడింది. పాట అయ్యాక అందరూ అత్తగారి మొహం వంక చూశారు.

"శ్రుతి ఉంది, లయ ఉంది. గొంతులోనే కాస్త ఇసుక ఉంది" అంది కుంతి.

ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. పారుల్ నవ్వేసి, "సాగర్ నుంచి తెచ్చుకోలేదు అత్తయ్యా, మీ ఊరొచ్చాక నర్మదలో మునిగితే పట్టుకుంది" అంది. ఆ జవాబు కుంతికి నచ్చింది. నచ్చిందని మాత్రం చెప్పలేదు.

కిందటేడు బొంబాయి నుంచి పారుల్ స్నేహితురాలు ఫోన్ చేసింది. ఆమె ఒక సంగీత దర్శకుడి దగ్గర పని చేస్తోంది. సంగీతం చుట్టూ తిరిగే ప్రేమకథ ఒకటి తీస్తున్నారట. పేరున్న గాయని వచ్చి పాడేలోపు, హీరోయిన్ నటించడానికి వీలుగా ఒక పాటను ఎవరో ఒకరు నమూనాగా పాడి పెట్టాలట. పారుల్ వెళ్ళింది, పాడింది, తిరిగొచ్చి బడిలో పిల్లలకు సరిగమలు చెప్పుకుంటూ ఆ సంగతే మర్చిపోయింది. సినిమా విడుదలకు ముందు మళ్ళీ ఫోనొచ్చింది. పెద్ద గాయని కూడా పాడిందట. అయినా దర్శకుడు విని విని చివరికి ఈ నమూనానే ఉంచేయమన్నాడట.

కొడుకు నిశీథ్ ఆ సాయంత్రమే కోవా జిలేబీలు పట్టుకొచ్చాడు. కుంతి ఒకటి తిని, "సినిమా వాళ్ళ మాట నీళ్ళ మీద రాత. తెర మీదికి వచ్చాక చూద్దాం" అంది.

వచ్చింది. శుక్రవారం విడుదలైంది. శనివారం పొద్దున వంటింట్లో రొట్టెలు కాలుస్తుంటే పారుల్ మెల్లిగా కదిపింది.

"అత్తయ్యా, మీరెళ్ళి చూసి రండి."

"నువ్వు రావా?"

"నాకు ధైర్యం చాలట్లేదు. మీ అబ్బాయిని పంపితే సినిమా మొదలవకముందే అద్భుతం అని మెసేజ్ పెడతారు. మా అమ్మయితే పేర్లు పడుతుండగానే ఏడుపు మొదలెడుతుంది. మీరైతే ఉన్నది ఉన్నట్టు చెప్తారు. ఇంకో మాట. ఆ పాట నాదని ఎవరికీ చెప్పకండి. తెలిస్తే మొహమాటానికి పొగుడుతారు. జనం అసలేమనుకుంటున్నారో నాకు కావాలి."

"భజన వాళ్ళందరినీ వెంటేసుకెళ్తున్నా. వాళ్ళక్కూడా చెప్పొద్దా?"

"మీకు కష్టమేముంది? ఇన్నేళ్ళలో నా పాట గురించి ఎవరికి చెప్పారు గనక?"

నవ్వుతూనే అంది. అయినా ఆ మాట పెనం అంచులా తగిలింది. కుంతి రొట్టె తిప్పింది.

మధ్యాహ్నం ఆటకి వెళ్ళారు. హాల్లో సగానికి పైగా జనం ఉన్నారు. కథ వీళ్ళు అనుకున్నట్టే నడిచింది. చిన్న ఊరి పాటగత్తె, బొంబాయి వెళ్ళి పెద్ద సంగీత దర్శకుడు కావాలనుకునే కుర్రాడు, మధ్యలో వాన. విశ్రాంతిలో లైట్లు వెలగ్గానే చెంగుల చాటు నుంచి కారప్పూసలాంటి సేవ్ పొట్లాలు బయటికొచ్చాయి, వాటి వెంటే అభిప్రాయాలూ వచ్చాయి.

"ఇద్దరూ అప్పుడే పెళ్ళి చేసుకుని ఉంటే మనం ఈపాటికి ఇంటి దగ్గర టీ తాగుతుండేవాళ్ళం" అంది రామ్‌కలీ.

"ఆ పిల్ల మెడ చూశావా వదినా? పెడితే నాలుగు ముద్దలు తినేలా లేదు, అంత ఆలాపన ఎక్కణ్ణించి తీస్తుంది?" అంది శశిప్రభా నిగమ్. భజనలో కుంతి తర్వాత అంతటి గొంతు శశిప్రభది. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా ఆవిడే చూసుకుంటుంది. "కుర్రాడి కళ్ళు బావున్నాయి. కళ్ళే నటిస్తున్నాయి, మిగతా మనిషి ఖాళీ. ఏమక్కా, ఏం మాట్లాడవు?"

"సినిమా ఇంకా ఉందిగా" అంది కుంతి. ఆవిడ తన సేవ్ పొట్లం విప్పనే లేదు. నాలుగు పాటలు అయిపోయాయి, నాలుగూ వేరే గొంతులే. కోసి పారేశారేమో అని గుబులు పట్టుకుంది. కోసేస్తే ఇంటికెళ్ళి ఏమని చెప్పడం?

విశ్రాంతి తర్వాత కథ కాస్త సాగింది. కుర్రాడు బొంబాయిలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆ పిల్ల సొంత ఊరికి తిరిగొచ్చి బడిలో పాటలు నేర్పుకుంటోంది. ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక తంబురాకు గుడ్డ కప్పి, కిటికీలు మూసి, గది తాళం చేతిలోకి తీసుకుంది. అప్పుడు ఏ వాద్యమూ లేకుండా గొంతు ఒక్కటే లేచింది. నువ్వెళ్ళిన దారిని ఊరు మర్చిపోయింది, నా కాళ్ళు ఇంకా మర్చిపోలేదు అని ఆ పాట.

కుంతి చెయ్యి తనంతట తానే మోకాలి మీద తాళం వేయడం మొదలెట్టింది. ఆ గొంతు ఆవిడకి కొత్తది కాదు. స్నానాల గదిలోంచి, డాబా మీద బట్టలారేసే చోటి నుంచి రోజూ వినేదే. కానీ ఇంట్లో అది గిన్నెల చప్పుడులో, కుక్కర్ కూతలో కలిసిపోయి వినబడేది. ఇక్కడ నాలుగు గోడలూ దానికే ఇచ్చేశారు. కింది స్వరాల్లో ఆ గరుకు, తిరగలి కింద గోధుమలు నలుగుతున్నట్టు నెమ్మదిగా, బరువుగా తిరుగుతోంది. పక్కన రామ్‌కలీ నమలడం ఆపేసింది. సినిమా మొదలైనప్పటి నుంచీ తెర మీద ప్రతి మాటకూ జవాబు చెబుతున్న ముందు వరస కుర్రాడు ఫోను బోర్లా పెట్టాడు.

వెనకనుంచి ఎవడో, "ఎవరమ్మా ఈ పాడేది, జలుబు చేసినట్టుంది" అన్నాడు.

కుంతి ఒళ్ళు భగ్గుమంది. ఇంటి మనిషిని తను వంద అనొచ్చు, ముక్కూమొహం తెలియనివాడు ఒక్కటి అంటే ఎలా ఊరుకోవడం? వెనక్కి తిరగబోయింది. ఈలోగా వాడి పక్కనుంచే ఒక ఆడగొంతు, "నోరు మూసుకుని విననీ" అంది. కుంతి మళ్ళీ ముందుకు తిరిగింది. ఆ అమ్మాయి ఎవరో గానీ నూరేళ్ళు బతకాలనుకుంది.

ఆట విడిచాక మెట్ల దగ్గర ఒక అమ్మాయి మైకు పట్టుకుని నిలబడి ఉంది. ఏదో యూట్యూబ్ ఛానెల్‌కి ప్రేక్షకుల అభిప్రాయాలు అడుగుతోంది. పక్కన ఒకతను ఫోనులో తీస్తున్నాడు. ఒక కుర్రాడు రెండో సగం నత్తనడక అన్నాడు. కొత్తగా పెళ్ళైన జంట, బాగా ఏడ్చామని నవ్వుతూ చెప్పారు. ఒక పెద్దాయన, మా కాలంలో అయితే విలన్ ఉండేవాడు, ఇందులో ఎవరిని తిట్టుకోవాలో తెలీలేదు అన్నాడు. తర్వాత మైకు శశిప్రభ ముందుకొచ్చింది. ఆవిడ చీర కొంగు సర్దుకుంది.

"పాటలే ఈ సినిమాకి ప్రాణం. అన్నీ తేనెలా ఉన్నాయి. కానీ ఆ పిల్ల గదికి తాళం వేసే పాట ఉంది చూడూ, అంత మంచి చోట ఆ బొంగురు గొంతు ఎందుకు పెట్టారో నాకర్థం కాలేదు. అక్కడ ఒక తీపి గొంతు పడుంటే ఎక్కడికో వెళ్ళిపోయేది."

"నాకు నచ్చింది అదే" అని రామ్‌కలీ మధ్యలో దూరింది. "మిగతా పాటలు మెట్లు దిగేసరికి మర్చిపోయా. అది మాత్రం ఇంకా లోపల తిరుగుతోంది."

"వదినా, నువ్వు భజనలోనే పాడవు, నీకేం తెలుస్తుంది?"

"పాడను కాబట్టే వింటాను" అంది రామ్‌కలీ.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మైకమ్మాయి కూడా నవ్వి కుంతి వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా."

"మా అక్క మాటంటే మాటే" అని శశిప్రభ ముందే అందుకుంది. "చెప్పక్కా, ఆ గొంతులో ఇసుక లేదూ?"

తను పుట్టించిన మాట తన ముందుకే వచ్చి నిలబడింది.

"ఉంది" అంది. "ఇసుక లేని నది ఎక్కడుంది శశీ? అక్కడ తీపి గొంతు పెడితే అది చక్కగా పాడిన పాట అయ్యేది. హాలంతా చప్పట్లు కొట్టేది. ఈ గొంతు పెట్టారు కాబట్టే తలుపు మూసి వెళ్ళిపోతున్న మనిషి కనబడింది. చప్పట్లు కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు, చూశావుగా."

"అయితే పాటలో లోపమే లేదంటారా?" అంది మైకమ్మాయి.

"ఎందుకు లేదు? రెండో చరణం చివర ఊపిరి చాలలేదు. వెంట్రుకవాసి. ఇంటికెళ్ళాక చెప్తాను."

"ఎవరికమ్మా?"

అప్పుడు తెలిసింది కుంతికి, నోరు జారిందని. భజన వాళ్ళందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. పొద్దున ఇచ్చిన మాట గుర్తొచ్చింది. దాంతో పాటే, ఇన్నేళ్ళలో ఎవరికి చెప్పారు గనక అన్న మాటా గుర్తొచ్చింది. వెన్ను నిటారుగా చేసుకుంది.

"ఆ పాట పాడింది మా కోడలు" అంది.

మైకమ్మాయి పక్కనున్నతన్ని చూసి నవ్వింది. "పొద్దుటి ఆటకి ఒకాయన హీరో తన మేనల్లుడన్నాడమ్మా. పోనీ, రెండు ముక్కలు పాడి వినిపించండి, నమ్ముతాం."

నమ్మకపోతే వదిలేసి వెళ్ళే మనిషి కుంతి. ఆ రోజు వదలలేదు. అక్కడే మెట్ల మీద, స్కూటర్ల హారన్ల మధ్య, కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. స్వచ్ఛమైన గొంతు, గాజు గ్లాసు మీద చెంచా తగిలినట్టు. దారిన పోయేవాళ్ళు ఆగారు. మొదటి పంక్తి అయింది. రెండోదానికి కింది స్వరంలోకి దిగి, దిగినచోటే ఆగిపోయి కళ్ళు తెరిచింది.

"ఏమైందమ్మా, చాలా బాగా పాడుతున్నారు."

"బాగానే పాడుతున్నాను, అదే తంటా. శ్రుతి ఉంది, పాట లేదు. ఇది నాకు రాదు, ఆ పిల్లకే వచ్చు. పేరు రాసుకో. పారుల్ ఖరే."

ఈసారి మైకమ్మాయి నవ్వలేదు.

"మన పారులా?" అని రామ్‌కలీ కుంతి చెయ్యి పట్టుకుంది. "రోజూ పాలవాడితో గొడవపడే గొంతే కదక్కా అది, నేనెలా పోల్చుకోలేకపోయాను?"

శశిప్రభ మొహం కందగడ్డలా అయింది. ఆటోలో కూర్చోగానే కుంతి మీద పడింది. "ముందే చెబితే నీ సొమ్మేం పోయింది? నలుగురిలో నవ్వులపాలు చేశావు."

"ముందే చెబితే నీకు అనిపించింది చెప్పేదానివా?"

శశిప్రభ తల అడ్డంగా ఊపింది. "చెప్పేదాన్ని కాదు."

"మరి?"

"అయినా నా మాట వెనక్కి తీసుకోను. నాకు తీపి గొంతే ఇష్టం."

"తీసుకోకు. అదీ చెప్తాను దానికి. నీ అంత చెవి ఉన్నవాళ్ళు ఊళ్ళో ఎంతమంది?" అంది కుంతి. అది మెచ్చుకోలని తెలియడానికి శశిప్రభకు రెండు వీధులు పట్టింది.

ఇంటికొచ్చేసరికి పారుల్ వంటింట్లో అవసరం లేని డబ్బాలన్నీ దింపి తుడుస్తోంది. వెనక్కి తిరగలేదు. "చెప్పండి" అంది.

కుంతి పీట లాక్కుని కూర్చుని ఒక్కటీ దాచకుండా చెప్పింది. జలుబన్నవాణ్ణి, వాడి నోరు మూయించిన అమ్మాయిని, ఫోను బోర్లా పెట్టిన కుర్రాణ్ణి, శశిప్రభని, రామ్‌కలీని, అందరినీ చెప్పింది. పారుల్ అన్నీ వింది. జలుబు మాటకి పెద్దగా నవ్వింది.

"మరి మీ మాట?"

"రెండో చరణం చివర ఊపిరి చాలలేదు."

"నాకూ తెలుసు. మళ్ళీ పాడతానంటే దర్శకుడు ఒప్పుకోలేదు. ఇదే ఉండనీ అన్నాడు."

"ఆయన తప్పు, నీది కాదు. ఇంకో పాటకి పిలిస్తే మళ్ళీ పాడనిస్తేనే వస్తానని చెప్పు." కుంతి లేచి కోడలి చేతిలోంచి డబ్బా తీసి అటకెక్కించింది. "నువ్వు చెప్పొద్దన్నావు. చెప్పేశాను. నడివీధిలో, మైకులో. పారుల్ ఖరే మా కోడలని."

పారుల్ ఏదో అనబోయేలోగా ముందుగదిలోంచి నిశీథ్ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వీడియో అప్పుడే వీధంతా తిరుగుతోంది. ముగ్గురూ తలలు చేర్చి చూశారు. కుంతి పాడుతూ పాడుతూ ఆగిపోయి, ఇది నాకు రాదు అన్నచోట పారుల్ చున్నీ అంచుతో మొహం తుడుచుకుంది. వేలు పెట్టి వీడియోను వెనక్కి జరిపి, అక్కణ్ణించి మళ్ళీ చూసింది.

"ఇప్పుడైనా వస్తావా సినిమాకి?" అంది కుంతి.

ఆదివారం అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళారు. పాట వచ్చినంతసేపూ పారుల్ అత్తగారి చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుని కూర్చుంది. కథ ముగిసింది. లైట్లు వెలిగాయి, జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. తెర మీద చీమల బారుల్లా పేర్లు పైకి పాకుతున్నాయి. కుంతి కళ్ళజోడు పెట్టుకుని నిలబడింది. చీపురు పట్టుకుని వరసల్లోకి దిగినతను, "ఆట అయిపోయిందమ్మా, ఇంకేం లేదు" అన్నాడు.

"ఉండు నాయనా" అంది కుంతి, చూపు తిప్పకుండా. "మా పిల్ల పేరు వస్తోంది."