బీరువాలో పదో అంతస్తు

వడ్రంగి ఏ పనీ నేరుగా మొదలుపెట్టడు. చిన్న స్టూలు చేయాలన్నా ముందు పనికిరాని చెక్కతో ఒక నమూనా చేసి, దాని చుట్టూ తిరిగి, కూర్చుని, లేచి, ఆ తర్వాతే మంచి చెక్క మీద రంపం పెడతాడు. అందుకే ఒక్కరోజు పట్నం చూసొద్దామని పెళ్ళాం పట్టుబడితే, "అలాగే. ముందు నమూనా వేసి చూద్దాం" అన్నాడు.

పట్నంలో ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. అక్కడొక టవరుంది. లిఫ్టులో పైకి వెళ్ళి కిందికి చూడొచ్చు. ఆమె పొట్టి మనిషి. "పుట్టినప్పట్నుంచీ జనం చొక్కా గుండీలే చూస్తున్నాను. ఒక్కసారి నెత్తులు చూడాలి" అంది.

చిక్కల్లా వడ్రంగితోనే. తల వంచితే గానీ ఏ గుమ్మంలోనూ పట్టని మనిషి, స్టూలెక్కితే మాత్రం కాళ్ళు వణుకుతాయి. అటక మీద సామాను దించాలంటే పొట్టి పెళ్ళాం నిచ్చెనెక్కేది, తాటిచెట్టంత మొగుడు కింద నిలబడి నిచ్చెన పట్టుకునేవాడు. ఎవరైనా అడిగితే నడుం నొప్పి అనేవాడు. పెళ్ళయిన నాటి నుంచీ అదే నడుం, అదే నొప్పి.

ప్రయాణం ముందురోజు పని మానుకుని షెడ్డునంతా పట్నం చేశాడు. చెక్కపొట్టు గుట్ట బస్టాండు. చిత్రిక పట్టే బల్ల కలప అడితి. గోడకు వరసగా ఆనించిన తలుపు రెక్కలు మ్యూజియం. ఎవరికో చేస్తున్న పెద్ద బీరువాకి ఇంకా అరలు బిగించలేదు, కాబట్టి అది లిఫ్టు. అడితిని మొదట పెట్టాడు, మ్యూజియాన్ని మధ్యలో పెట్టాడు, టవరుని అన్నిటికన్నా చివర పెట్టాడు. అడితిలో కొంతసేపు, మ్యూజియంలో కొంతసేపు నాన్చితే పొద్దుగూకి ఆఖరి బస్సు వేళవుతుంది. టవరు దానంతటదే తప్పిపోతుంది. ఇదీ అతని లెక్క.

ఆ లెక్కలో, తమతో బయల్దేరుతున్న అత్తగారిని కలుపుకోలేదు.

మోకాళ్ళ నొప్పులతో తిరగలేదు కదా అని ఆమెకి ఈ ఉత్తుత్తి పట్నంలో కాపలా పని ఇచ్చారు. ఏ పని ఇచ్చినా ప్రాణం పెట్టి చేసే మనిషావిడ.

మ్యూజియంలో వడ్రంగి ఒక్కో తలుపు ముందూ నిలబడి నిట్టూర్చడం మొదలుపెట్టాడు.

"ఈ నగిషీ చూశావా? ఏ మహానుభావుడు చెక్కాడో."

"నువ్వే. మొన్న" అంది పెళ్ళాం.

"మూసే వేళయింది, కదలండి" అంది అత్తగారు, చేతికర్ర నేలకేసి కొట్టి.

"ఇప్పుడేగా అత్తా వచ్చాం."

"అత్తా లేదు, గిత్తా లేదు. చెక్కను ముట్టుకోకు, చెయ్యి తియ్యి."

ఇక బీరువా తప్పలేదు. పెళ్ళాం ముందు దూరి, అతన్ని చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. అత్తగారు తలుపులు మూసి బయట గడియ పెట్టింది. లోపల చీకటి, వార్నిష్ వాసన.

"బయల్దేరింది. ఒకటో అంతస్తు" అంది పెళ్ళాం. "రెండు. మూడు."

బీరువా నేల మీదే ఉంది. ఆ సంగతి వడ్రంగికి తెలుసు గానీ అతని కాళ్ళకి తెలియలేదు. నాలుగులో చెమటలు పట్టాయి. అయిదులో పెళ్ళాం భుజం దొరకబుచ్చుకున్నాడు.

"అత్తా, గడియ తియ్యి."

"పైకి చేరాక తీస్తా."

"నడుం నొప్పి అత్తా."

"లిఫ్టులో నడుంతో పనేముంది అల్లుడూ? నిలబడు."

ఆరో అంతస్తులో ఇక దాచలేకపోయాడు. "నాకు ఎత్తంటే భయమే" అన్నాడు మెల్లగా.

"తెలుసులే. నిచ్చెన నేనెక్కితే వణుకు నీకొస్తుంది. అది నా కాళ్ళకి తెలియదా? ఏడు."

"మరి రేపు?"

"కళ్ళు మూసుకో. చూసేది నేను. నువ్వు పక్కనుంటే చాలు. ఎనిమిది."

పదో అంతస్తులో అత్తగారు గడియ తీసి, తోసుకోకుండా ఒక్కొక్కరే దిగమంది.

మర్నాడు పట్నంలో దిగి నేరుగా టవరు దగ్గరికే వెళ్ళారు. "నిన్ననేగా ఎక్కించాను, మళ్ళీనా" అని అత్తగారు కింద బెంచీ మీదే ఉండిపోయింది. వడ్రంగి కళ్ళు గట్టిగా మూసుకుని లిఫ్టెక్కాడు, కళ్ళు మూసుకునే దిగాడు, దిగిన చోటే గోడకు బల్లిలా కరుచుకున్నాడు. చెవుల్లో గాలి హోరు.

"కనిపిస్తున్నాయా నెత్తులు?"

"గోడ కనిపిస్తోంది" అంది. "చుట్టూ పిట్టగోడ కట్టారు. నా నుదుటి దాకా ఉంది."

గోడకి నమూనా వేయాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

"పోనీలే, పద. గోడైనా చూశాం" అంది. ఆ గొంతు అతను ఏ నమూనాలోనూ వినలేదు.

కళ్ళు తెరవలేదు. చేతులు ముందుకు చాచి, ఆ గొంతు వచ్చిన వైపుకి ఒక్కో అడుగే వేశాడు. ఎవరిదో నడుం చేతికి దొరికితే పట్టుకుని ఎత్తబోయాడు.

"ఆయన్ని కాదు. ఇటు" అంది పెళ్ళాం.

సరైన నడుం పట్టుకుని ఎత్తాడు. తన నడుంలో నొప్పేమీ లేదు. కాళ్ళ వణుకు మాత్రం పైనున్న మనిషి దాకా పాకింది.

"ఇప్పుడు?"

"ఉండు. ఒక బట్టతల. ఒక టోపీ. అదిగో అమ్మ. అయ్యో, పొద్దున పాపిడి వంకరగా తీశాను."

"అయిందా?"

"అమ్మ కర్ర పట్టుకుని జనాన్ని వరసలో నిలబెడుతోంది. వాళ్ళు నిలబడుతున్నారు కూడా."

"అయితే దిగుతావా?"

"ఇప్పుడేగా వచ్చాం" అంది పెళ్ళాం.