దిగడం రాని చద్దరు

భవాని పేట్‌లో మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నాక మగవాళ్ళు కాసేపు నడుం వాలుస్తారు. సిద్ధరాములు మాత్రం మిద్దెక్కి, తాను నేసిన చద్దరు పరుచుకుని కూర్చుని గాలిలోకి లేచేవాడు. కింద బీడీలు చుట్టే ఆడవాళ్ళు తలెత్తేవాళ్ళు కూడా కాదు. ఆకుల మీద నీడ పడితే, "జర పక్కకు జరుగన్నా" అనేవాళ్ళు, అంతే.

లేవడానికి కష్టం లేదు. పక్కకు ఒరిగితే తిరిగేది కూడా. దిగడమే రాదు. సూది దూరనంత గట్టి నేత, గాలి జారే సందేది? ఊరి బయట హోట్గి రోడ్ దాటాక ఎక్కడో గాలి తగ్గితే దిగి, చద్దరు భుజాన వేసుకుని నడిచొచ్చేవాడు.

"నువ్వు ఏడ దిగుతవో తెల్వక నాకు దినాం తొవ్వ చూసుడే," అనేది భార్య మంగళ. ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి.

శ్రావణంలో నారళి పున్నం నాడు, నేతగాళ్ళ దేవుడు మార్కండేయుని రథం గల్లీల్లో కిక్కిరిసిన వేళ నొప్పులొచ్చాయి. రిక్షా కదలదు. సిద్ధరాములు చద్దరు చంకన పెట్టుకుని, జనంలో దూరి, అశోక్ చౌక్ అవతలి మంత్రసాని యమునాబాయి ఇంటికి పోయాడు. ఆ ముసలి కాళ్ళు జనంలో నడవలేవు. ఆమె మిద్దె మీదే చద్దరు పరిచాడు.

"ఎక్కవ్వా."

"ఎక్కుడు సరే బిడ్డా. దింపుడొస్తదా నీకు?"

అతను ఆమెను చేయిపట్టి ఎక్కించాడు.

గాల్లో అతని ఇంటి మీదికి వచ్చారు. డోళ్ళ చప్పుడు దాటుకుని మంగళ అరుపు వినిపిస్తోంది. చద్దరు మిద్దె చుట్టూ తిరుగుతోంది గానీ దిగదు. యమునాబాయి నడుంలో దోపుకున్న బీడీ ఆకుల కత్తెర తీసింది.

"వద్దవ్వా! ఇన్నేండ్లల దీని పోగు ఒక్కటి తెగలే!"

"నీ పోగు సల్లగుండ! ఆడ నీ పెండ్లాం సస్తున్నది రా!"

రెండు కొసల ముళ్ళూ కత్తిరించింది. సిద్ధరాములు కళ్ళు మూసుకుని అడ్డంగా నేసిన పేక నూలు లాగాడు. వరుస ఊడింది. మిగిలిన నిలువు పడుగు పోగుల సందుల్లోంచి గాలి కారింది. చద్దరు జానెడు దిగి, ముందుకు వంగింది.

"ఆగు! నువ్వు ముంగట, నేను ఎనుక. సమానంగ ఇప్పాలె. తొందరపడితే రాయి లెక్క పడ్తం," అంది యమునాబాయి.

వరుసకు వరుస విప్పారు. చుట్టుకింత దిగారు. రథం వెంట నడిచేవాళ్ళు, పైనుంచి పడే నూలు మట్టి కాకుండా చేతులకు చుట్టుకుంటూ నడిచారు.

మిద్దె తగిలేసరికి వాళ్ళ కింద బెత్తెడు నేతే మిగిలింది.

లోపల, బిడ్డ మెడకు బొడ్డుపేగు చుట్టుకుని ఉంది. యమునాబాయి దాన్నీ అట్లే, నెమ్మదిగా తప్పించింది. ఆడపిల్ల. కొంచెం ఆలస్యంగా, గట్టిగా ఏడ్చింది.

సాయంత్రం వాడకట్టువాళ్ళు నూలు చుట్టలు తెచ్చి గడపలో పెట్టిపోయారు. మంగళ వాటినే చూస్తూ, "మల్ల నేస్తవా?" అంది.

"నేస్త," అన్నాడు సిద్ధరాములు, బెత్తెడు నేతను బిడ్డ పాదాల మీద కప్పుతూ. "ఈసారి కొసలకు ముడి మాత్రం వెయ్య."