నాకేదారు సెలవు

శ్రీరంగం ఇనుప చువ్వను గడ్డిబండిలోకి మూడోసారి దింపి చెవి వంచి విన్నాడు. చువ్వ గడ్డిలో దిగితే ఒక చప్పుడు, అడుగున దాచిన కర్రకు తగిలితే ఇంకో చప్పుడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ రెండో చప్పుడు కోసం వినడమే అతని ఉద్యోగం. ఈ బండిలో అది వినపడలేదు. అయినా ఇరుసు కింద చెయ్యి పెట్టి తడిమాడు. బండివాడి ముఖం కాసేపు చూశాడు. తర్వాతే అడ్డకర్ర ఎత్తాడు.

"ఇయాల నీకు సెలవు గదా నాకేదారూ! ఆ చువ్వ నాకియ్యరాదూ?" అన్నాడు భీమా. ఆ ఒక్కరోజుకు బదులు పనిచెయ్యడానికి జగదల్పూరు నుంచి వచ్చిన జవాను అతను.

"చువ్వ నాతోనే ఉంటది. నువ్వు చేతుల్తో తడుము."

భీమా ఇంత దూరం ఇంత సంతోషంగా ఎందుకు వచ్చాడో శ్రీరంగానికి తెల్లారుజాము నుంచీ అంతుపట్టడం లేదు. ఎవరో ఈ రోజు ఏదో దాటించబోతున్నారు, భీమాకు అది ముందే తెలుసు అనుకున్నాడు. అలా అనుకున్నాక మనసు కొంచెం కుదుటపడింది. కారణం దొరకని సంగతుల కంటే చెడ్డ కారణమున్న సంగతులే అతనికి నయం.

అతను పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఎడమ కన్ను కొద్దిగా మూసి చూసే అలవాటు వల్ల ఆ పక్క చెంప మీద మూడు ముడతలు శాశ్వతంగా నిలిచిపోయాయి. గడ్డిదుమ్ము పడీ పడీ గొంతు బొంగురుపోయింది. చర్ల దగ్గర గోదావరి దాటి, కుంట మీదుగా నడిచి బస్తర్ సంస్థానంలోకి వచ్చి అడవి శాఖలో చేరినప్పుడు అతనికి ఇరవై రెండేళ్ళు. జగదల్పూరు నుంచి చిత్రకోటకు పోయే దారిలో, దొంగ కలప పట్టుకునే ఈ తనిఖీ నాకా దగ్గర నిలబెట్టారు. ఇక కదపలేదు. మంగాదేవి కాపురానికి వచ్చింది ఇక్కడికే. పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కకుండా పోయింది ఇక్కడే.

ఇక్కడి నుంచి చిత్రకోట ఎనిమిది మైళ్ళు. దసరా వెళ్ళిందంటే చాలు, జలపాతం చూడటానికి జనం వరసకట్టి పోతారు. దొరలు, దివాన్ గారి చుట్టాలు, షావుకార్లు, అందరికీ అతనే అడ్డకర్ర ఎత్తుతాడు. "నువ్వు చూశావా?" అని ఎవరైనా అడిగితే "చూడకేం!" అంటాడు. గోడలా నిటారుగా ఉంటుందనీ, పాలలా తెల్లగా ఉంటుందనీ వర్ణించి చెబుతాడు. నిజానికి అతను ఒక్కసారీ చూడలేదు. తను అటు పోయిన పూటే ఇటునుంచి టేకు దుంగ దాటిపోతుందని అతని నమ్మకం.

నాలుగు రోజుల కిందట అన్నం వడ్డిస్తూ మంగాదేవి అడిగింది.

"నన్నొకసారి చిత్రకోట తీసుకపో."

అతను కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరు చెప్పాలె? ఇరవై ఆరేండ్ల సంది నా గుమ్మం ముంగటి నుంచే పోతున్నరు గదా లోకమంతా."

"ఇన్నేండ్లు అడగనిది ఇప్పుడేంది?"

"ఇప్పుడు అడిగిన," అని ఆమె మజ్జిగ పోసింది.

సెలవు చీటీలో జలపాతం మాట రాయడానికి సిగ్గుపడి 'సొంత పని' అని రాశాడు. ఇప్పుడు మిగిలింది ఎవరితో పోవాలన్నదే. చూపించి సాయంత్రానికి తిరిగి తీసుకొస్తామనేవాళ్ళు ఈ రోజుల్లో ముగ్గురు నలుగురు తిరుగుతున్నారు. వాళ్ళందరూ తన అడ్డకర్ర దగ్గర ఆగి తీరాలి. అందుకే చువ్వ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

మొదట నంద లారీ వచ్చింది. మామూలు రోజుల్లో ధాన్యం మోసే ఆ లారీలో దసరా తర్వాత బల్లలు వేసి మనుషుల్ని ఎక్కిస్తాడు.

"రండి నాకేదార్ సాబ్!" నంద కిటికీలోంచి చెయ్యి చాపాడు. "అమ్మగారికి ముందు సీటు. గంటలో అక్కడ, పొద్దుగూకక ముందే ఇక్కడ. మీ దగ్గర ఏమీ తీసుకోను, కసమ్!"

ఊరికే తీసుకుపోతానన్న మాటతోనే శ్రీరంగం ఎడమ కన్ను మూతపడింది. లారీ చుట్టూ తిరిగాడు.

"లోపలేముంది?"

"మనుషులే సాబ్."

"మనుషుల కింద?"

నంద పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు అవసరమైన దానికంటే రెండు క్షణాలు ఎక్కువ సాగింది. బల్లల కింద చూస్తే బియ్యం బస్తా, గిన్నెలు తప్ప ఏమీ లేవు. అయినా ఇవాళ ఎక్కితే రేపు ఈ లారీలో చువ్వ దింపడానికి తనకు చెయ్యి రాదని శ్రీరంగానికి తెలుసు. ఆ సంగతి నందకూ తెలిసే ఉంటుంది. "నువ్వు పో," అన్నాడు.

తర్వాత వచ్చింది బిజ్జా గూడుబండి. బిజ్జా నూనె రాసి దువ్విన జుట్టుతో, ఎర్ర రుమాలుతో పెళ్ళికొడుకులా దిగాడు. లోపల మెత్తటి పరుపు ఉందన్నాడు. దారిలో ప్రతి గుట్టకూ ఒక కథ చెబుతానన్నాడు. కింద మడుగులో డోంగా పడవ ఎక్కించి నీటి దగ్గరదాకా తీసుకుపోతానన్నాడు.

"ఇంద్రధనుస్సు గూడ చూపిస్త."

"మబ్బు పడితే?"

"మబ్బు పట్టినా చూపిస్త, నాకేదారూ!"

"ఇగ నువ్వూ పో."

గూడుబండి మలుపు తిరిగాక మూడో బండి వచ్చింది. దానికి గూడు లేదు, గడ్డి పరిచి ఉంది. తోలుతున్నది సుక్కా. అతణ్ణి చూడగానే శ్రీరంగం చేతిలో చువ్వ బిగిసింది.

సుక్కా కుంట వైపు దోర్ల తెగ మనిషి. తెలుగు వచ్చు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే అడ్డకర్ర దగ్గర ఇతని గడ్డిబండిలో చువ్వ దింపితే టేకు దూలం చప్పుడు చేసింది. ఇల్లు కప్పుకోవడానికని సుక్కా ఏడ్చినా శ్రీరంగం వినలేదు. సుక్కా మూడు నెలలు జగదల్పూరు జైల్లో ఉండి వచ్చాడు. అప్పటినుంచి ఈ దారిన ఎన్నిసార్లు పోయినా శ్రీరంగంతో ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. కానీ ఈ ఏడాదిలో రెండుసార్లు తన పెరటి కంచె దగ్గర అతణ్ణి చూశాడు శ్రీరంగం. చేతిలో ఏదో ఆకుపొట్లం. దొంగ తేనె అమ్ముతున్నాడనుకుని కాపు కాశాడు కానీ దొరకలేదు.

"అక్క ఎక్కుతదా?" అన్నాడు సుక్కా బండి దిగకుండానే.

"ఏం చూపిస్తవ్?"

"నీళ్ళు."

"ఇంకా?"

"నీళ్ళే. పైనుంచి కిందికి పడ్తయి."

"తిరిగి ఎప్పుడొస్తం?"

సుక్కా జవాబు చెప్పేముందు శ్రీరంగం వైపు కాక అతని వెనక్కి చూశాడు. మంగాదేవి ముతక నీలిచీర కట్టుకుని, చేతిలో మూట పట్టుకుని అప్పటికే బయటికి వచ్చి ఉంది.

"ఎడ్లు నడిచినదాన్ని బట్టి," అన్నాడు సుక్కా.

శ్రీరంగం భార్యను పక్కకు పిలిచాడు. "వీనితోనా? వీణ్ణి జైల్లో ఏయించింది నేనే."

"తెల్సు."

"లోయ కాడ తోసేస్తే?"

"నిన్నొక్కన్నే తోస్తడా, ఇద్దర్నా?"

"నవ్వకు."

"ఇద్దర్ని తోస్తే నాకేం రంది లేదు," అని ఆమె బండి వైపు నడిచింది. చక్రం పట్టుకుని ఎక్కబోయి ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంది. సుక్కా చప్పున దిగి మోకాలు వంచాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, అలవాటైన మనిషిలా ఎక్కి కూర్చుంది.

అలవాటైన మనిషిలా అన్న సంగతి శ్రీరంగం గుర్తు పెట్టుకున్నాడు.

బండిలో ఆమె కూర్చున్న వైపు గడ్డి దట్టంగా, పైన గొంగడి కప్పి ఉంది. అతని వైపు పలచగా ఉంది. బండి కదిలాక ఊరుకోలేక ఆమె పక్కన గడ్డిలో చువ్వ దింపాడు. ఏ చప్పుడూ రాలేదు. ఇంకోచోట దింపాడు. మంగాదేవి గొంగడి సర్దుకుంది. సుక్కా వెనక్కి తిరగలేదు.

రెండు మైళ్ళు పోయాక బండి పెద్దదారి వదిలి పొలంగట్టు మీదికి మళ్ళింది.

"దారి వదిలినవేంది?"

"అటు గుంతలు."

"నిన్నటిదాంక లేవా గుంతలు?"

"ఉన్నయి. ఇయాల వద్దు."

శ్రీరంగం చువ్వను మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. సుక్కా వీపు అతని కళ్ళముందే ఉంది. ఎండకు నల్లబడి, వెన్నుపూసలన్నీ లెక్కపెట్టేట్టున్న ముసలి వీపు. ఆ మనిషి మనసులో తొమ్మిదేళ్ళుగా ఏం నాని ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాడు. తనైతే మరిచిపోడు. తను మరిచిపోనిది ఇంకొకడు మరిచిపోయాడని ఎలా నమ్మడం?

ఒక వాగు దగ్గర సుక్కా బండి ఆపి, రొంటిలోంచి ఆకుపొట్లం తీసి మంగాదేవికిచ్చాడు. ఆమె దాంట్లోని వేరుముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఏందది?"

"బండి కుదుపుకు కడుపులో తిప్పకుండ," అన్నది ఆమె.

కొంగు సవరించుకోవడానికి ఆమె చెయ్యెత్తినప్పుడు గాజులు గలగలమని మోచేతి దాకా జారాయి. అంత వదులు గాజులు ఎప్పుడు కొన్నదో, తనకు తెలియకుండా ఎవరి దగ్గర కొన్నదో అని అతను ఒక మైలు దూరం ఆలోచించాడు.

నీళ్ళు కనపడకముందే వినపడ్డాయి. నంద లారీ తిరిగి వస్తోందనుకుని శ్రీరంగం దారి వైపు చూశాడు. చప్పుడు ఆగలేదు. బండి దిగి, రాళ్ళ మీద మంగాదేవి చెయ్యి పట్టుకుని పది అడుగులు వేసేసరికి నేల ముందుకు లేకుండా పోయింది. ఇంద్రావతి అంత వెడల్పునా వంగి, గుర్రపు డెక్కలా చుట్టూ తిరిగి, ఒక్కసారిగా కిందికి పడిపోతోంది. కొన్నిచోట్ల ఎర్రగా, కొన్నిచోట్ల తెల్లగా ఉంది. కింద మడుగులోంచి తుంపర పొగలా లేచి మళ్ళీ వాళ్ళ మీదే పడుతోంది. గోడలా లేదు. పాలలా లేదు. ఇన్నేళ్ళు తను జనానికి చెప్పినదేదీ అక్కడ లేదు.

"నువ్వు చెప్పినట్టు లేదు," అని మంగాదేవి నవ్వింది. గట్టిగా చెబితే తప్ప వినపడటం లేదు.

"ఎట్లున్నది?"

"నిజంగున్నది."

జనం గుమిగూడిన చోటికి దూరంగా, వీపు ఆనించుకోవడానికి వీలున్న ఒక రాయి దగ్గరికి సుక్కా వాళ్ళను తీసుకుపోయాడు. ఆమె అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చుంది. బుగ్గల మీద తుంపర పడుతుంటే తుడుచుకోలేదు. శ్రీరంగం పక్కన కూర్చున్నాడు కానీ ఎడమ కన్ను బండి వైపే ఉంది. అందుకే చూడగలిగాడు. సుక్కా బండి కింద, ఇరుసు పక్క నుంచి ఒక గుడ్డమూట తీసి, చుట్టూ చూసి, లోయలోకి దిగే కాలిబాట పట్టాడు.

ఇరుసు కింద! అన్ని బండ్లకూ తడిమినవాడు పొద్దున ఈ బండికి మాత్రం అక్కడ తడమడం మరిచిపోయాడు.

శ్రీరంగం లేచాడు. "నువ్వు కూసో. ఇప్పుడే వస్త."

మంగాదేవి అతని పంచె అంచు పట్టుకుంది. "పోకు. అక్కడేం ఉండదు."

"చూసొస్త."

ఆమె కొంచెంసేపు పట్టుకునే ఉంది. తర్వాత వదిలేసి, "నీ ఇష్టం. అన్నం పెడుత, తొందరగ రా," అని మూట విప్పసాగింది.

బాట నిటారుగా, నాచుతో జారుడుగా ఉంది. చువ్వ ఊతగా దిగాడు. కింద మడుగు ఒడ్డున సుక్కా గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూట విప్పి ముందు పెట్టుకున్నాడు. అందులో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, ఒక కోడిగుడ్డు ఉన్నాయి. శ్రీరంగం వాటిని చువ్వ మొనతో కదిపి చూశాడు.

"ఎవరికిది?"

"నీళ్ళకు. అక్క పేరు మీద." సుక్కా గింజలు చిందకుండా మళ్ళీ కూడదీశాడు. "నొప్పి లేకుండ పోవాలె అని."

"ఏం నొప్పి?"

సుక్కా మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు.

"నీకు తెల్వదా, నాకేదారూ? కడుపుల గడ్డ. ఏడాదైంది. పిడికెడంత ఉండె, ఇప్పుడు కొబ్బరికాయంత. ఆకు మందు నేనే తెస్తున్న. మొన్నటి సంది మందు గూడ కడుపుల నిలుస్తలేదు."

శ్రీరంగం నోరు తెరిచాడు. వెంటనే తోచిన మాట, "అబద్ధం."

"నువ్వు ఇట్లంటవనే అక్క నీకు చెప్పలేదంట. నమ్మడు అన్నది. నమ్మితే ఆస్పత్రి, ఊరు అని తిప్పుతడు, నాకు తిరగబుద్ధి లేదు, ఒక్కసారి నీళ్ళు చూస్త అన్నది." సుక్కా గుడ్డును నీళ్ళలోకి వదిలాడు. "నేను జైల్ల ఉన్ననాడు నా పెండ్లానికీ పిల్లలకూ మూడు నెలలు జావ పోసింది అక్క. అది గూడ నీకు తెల్వదు గావొచ్చు."

శ్రీరంగం పైకి ఎక్కాడు. దిగినప్పటికంటే బాట పొడవుగా ఉంది. చువ్వ ఎక్కడో చేజారి రాళ్ళ మీద మోగుతూ పోయింది. అతను ఆగలేదు. అడగాల్సినవి గొంతులో పోగవుతున్నాయి. ఎందుకు చెప్పలేదు, ఆ సుక్కాకు చెప్పి నాకెందుకు చెప్పలేదు, రాత్రిళ్ళు అటు తిరిగి పడుకున్నది అందుకేనా, నడుముకు చీర అంత బిగించి కట్టింది అందుకేనా. ఇరవై ఆరేళ్ళు లోకం దాచిందల్లా తవ్వి తీసినవాడు, ఒకే చాప మీద పక్కనే పడుకుని ఏం చూశాడు!

మంగాదేవి రాయికి ఆనుకునే ఉంది. తల మీద కొంగు, చూపు నీళ్ళ వైపు. అతను రొప్పుతూ పక్కన కూలబడ్డాడు. అడగాలనుకున్నవేవీ రాలేదు.

"నాకు చెప్పుంటే నమ్మేవాణ్ణే," అన్నాడు.

ఆమె మాట్లాడలేదు. నీళ్ళ హోరులో వినపడలేదేమోనని దగ్గరికి జరిగి మళ్ళీ అన్నాడు. అప్పటికీ మాట్లాడకపోయేసరికి కోపం వచ్చింది. జవాబు తప్పించుకోవడానికి పరధ్యానం నటిస్తోందనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి చేతనైన పని. కాబట్టి దాన్నే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆమె రెప్పల మీద తుంపర బొట్లు నిలిచి, పెద్దవై, జారిపోతున్నాయి. రెప్పలు కదలడం లేదు.

సుక్కా పైకి వచ్చాడు. దూరం నుంచే చూసి, తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, "అక్కా," అన్నాడు ఒక్కసారి. జవాబు కోసం ఆగకుండా ఎడ్ల దగ్గరికి పోయి, బండిలో గడ్డి పొడవునా సర్దడం మొదలుపెట్టాడు.

ఆమె మోకాలి పక్కన రాతి మీద మూడు అడ్డాకులు పరిచి ఉన్నాయి. రెండింటి నిండా పులిహోర, మూడోదాంట్లో పిడికెడు మెతుకులు. ఒక ఆకులోని అన్నం పక్కన మాత్రం చిటికెడు ఉప్పు వేసి ఉంది, అతను పైన కలుపుకుంటాడని. గాలికి ఎగిరిపోకుండా దాని అంచు మీద ఆమె ఏరి పెట్టిన చిన్న గులకరాయి, తుంపరకు తడుస్తూ, ఎండకు ఆరుతూ, మళ్ళీ తడుస్తూ ఉంది.