దర్జీ పెదనాన్నకు రొట్టె

సంచిలో నాలుగు జతల బట్టలు, బైబిలు, గొంతునొప్పి మాత్రలు సర్దాను. అన్నిటి పైన మా చెల్లెలి ఫోటో అచ్చువేసిన కరపత్రాలు పెట్టాను. మూడు రోజుల సువార్త సభల్లో ప్రసంగించడానికి తనను పిలిచారు. ఆదివారం ఆరాధన కాగానే కారు పంపుతామన్నారు.

"కరపత్రాలెందుకే అక్కా? నా మొహం నాకు తెలీదా?"

"నీకు తెలుసులే. జనానికి తెలియొద్దూ?" అన్నాను.

అప్పటికి పన్నెండేళ్లుగా చెల్లెలి పరిచర్య ఒకటే. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకు ఆదివారం బల్ల, అంటే ప్రభువు భోజనం, తీసుకువెళ్లడం. పాస్టరు గారు రేకు పెట్టెలో రొట్టె, చిన్న సీసాలో ద్రాక్షరసం పెట్టి ఇచ్చేవారు. ఆ సభలకు మూడు నెలల ముందు తను ప్రార్థన చేశాక ఒకామె జ్వరం తగ్గి లేచి కూర్చుంది. మందులూ వాడిందనుకోండి. అప్పటినుంచి మా గుమ్మం ముందు జనమే జనం. చెల్లెలి ప్రార్థనలు పొడుగయ్యాయి. నాకు మాత్రం కడుపు నిండినట్టుండేది.

ఆ ఆదివారం మిగతా ఇళ్లకు సంఘపెద్దలు వెళ్లారు. పక్షవాతంతో పడి ఉన్న దర్జీ దగ్గరికి మాత్రం తనే వెళ్తానంది. వరసేమీ లేకపోయినా ఆయన్ని పెదనాన్నా అనేది. రొట్టె రసంలో నానబెట్టి, పనిచేసే దవడ వైపు పెడితేగానీ ఆయన మింగలేడు. తొందరపెట్టడానికి నేనూ వెంట వెళ్లాను. కారు అప్పటికే వీధి మొగలో ఉంది.

చెల్లెలు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆ ప్రార్థన దేశాలన్నీ తిరిగింది గానీ ఆ గదిలోకి మాత్రం రాలేదు.

"అమ్మాయ్, దేవుడికి చెవుడు లేదు. నాకే నోరెండిపోతోంది. ముందు రొట్టె పెట్టవే," అని ముద్దముద్దగా అని, దర్జీ నోరు తెరిచాడు.

చెల్లెలు పెట్టె మూత తీసింది. లోపల రొట్టె లేదు, తన ప్రసంగం కాగితాలున్నాయి. ఆరాధన అయ్యాక జనం చుట్టుముడితే, రొట్టె పెట్టించుకోవడానికి పెట్టె పాస్టరు గారి చేతికి ఇవ్వనేలేదు.

బయట హారన్ మోగింది.

"వచ్చాక పెడుదువుగానిలే. మూడు రోజులేగా," అన్నాను చెవిలో.

"నోరు తెరుచుకుని ఉన్నాడే అక్కా."

"అక్కడ వేలమంది చూస్తుంటారే!"

"వాళ్లకు చెప్పేవాళ్లు బోలెడుమంది. నువ్వెళ్లి కారు పంపించెయ్."

తర్వాత మంచం పక్కన వంగి, "పెదనాన్నా, రొట్టె తేవడం మర్చిపోయాను. నా తప్పే. ఇప్పుడే తెస్తా," అంది.

"పరిగెత్తి కాలు విరగ్గొట్టుకోకు. మనిద్దరికీ ఎవరు తినిపిస్తారు?" అన్నాడాయన.

తను గుడికి వెళ్లి వచ్చేసరికి అరగంట పట్టింది. కారు వెళ్లిపోయింది. ఈసారి ప్రార్థన రెండు మాటల్లో ముగించి, రొట్టె నానబెట్టి పెట్టింది. మింగేదాకా గడ్డం పట్టుకుని కూర్చుంది. నేను రెండు రోజులు తనతో మాట్లాడలేదు. సభలవాళ్లు మళ్లీ పిలిచినా వెళ్లలేదు.

మరుసటి ఏడు దర్జీ పోయాడు. దూరాన ఒక ఆశ్రమంలో, చేతులు కదలని రోగులకు అన్నం తినిపించే మనిషి కావాలని పాస్టరు గారికి ఉత్తరం వచ్చింది. రెండు నెలలు ఉండి వస్తానని చెల్లెలు జూన్‌లో వెళ్లింది. తిరిగి రాలేదు. వెళ్లిన తొమ్మిదో ఏట, ఫిబ్రవరిలో ఒక బుధవారం ఉదయం, అక్కడే పోయింది.