వరద ఇచ్చిన సెలవు

"రోజూ ఆస్పత్రికి పరిగెత్తే బాధ తప్పింది కదా. వరద పుణ్యమా అని నీకూ సెలవు దొరికింది," అన్నాడు భర్త, మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ. ఆమె ముందుగదిలో బురదని చీపురుతో వాకిట్లోకి నెడుతోంది.

నీళ్లు తీశాయి గానీ, ఆస్పత్రిలో కింది అంతస్తునున్న రేడియేషన్ యంత్రం మునిగిపోయింది. ఎప్పటికి బాగవుతుందో ఎవరూ చెప్పడం లేదు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక మొదలుపెట్టిన ఆ చికిత్స సగంలో ఆగిపోయింది. మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ తలెత్తవచ్చని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. అప్పుడు ఆయనా పక్కనే ఉన్నాడు, ఫోను చూసుకుంటూ.

ఆపరేషనైన వైపు చేత్తో బరువులెత్తకూడదు. ఎత్తకపోతే బురద ఎలా పోతుంది? ఇల్లు మునిగి వచ్చిన ఆయన అక్క కుటుంబమంతా మేడమీద ఉంది. వాళ్లకి నీళ్లు మోయాలి, వండాలి, తడిబట్టలు పిండాలి. చెయ్యి ఉబ్బి, తనది కానట్టు వేలాడుతోంది. యంత్రం గురి తప్పకుండా ఛాతీ మీద గీసిన సిరా గీతలు చెమటకి మాసిపోతున్నాయి. పొయ్యి దగ్గర నిలబడి కూడా జాకెట్టు తొలగించి వాటిని చూసుకుంటోంది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు. వరద వస్తుందనగానే ఆయన టీవీని మేడెక్కించాడు, ఫ్రిజ్‌ని బల్ల మీదికి చేర్చాడు, కారుని ఎత్తు వీధిలో పెట్టి వచ్చాడు. ఆమె మందుల సంచిని ఆమే మోకాటిలోతు నీళ్లలో వెతుక్కుంది. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. ఇప్పుడు ఊడుస్తుంటే తట్టింది.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. పక్క నగరంలోని ఆస్పత్రి తమ రోగుల్ని చేర్చుకుంటుందట. సాయంత్రంలోగా వంతెన దగ్గరికి వస్తే బస్సు ఎక్కిస్తారు, చికిత్స పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. వంతెన దాకా దించమని ఆయన్ని అడిగింది.

"ఈ బురదలో కారు తీస్తే ఇంజన్ ఏమైపోవాలి?" అన్నాడు. మళ్లీ మెత్తగానే, "ఇంట్లో ఇంతమందిని పెట్టుకుని ఎలా వెళ్తావు? కొన్నాళ్లు ఓర్చుకో. అయినా నువ్విప్పుడు బాగానే ఉన్నావుగా, పనంతా చేస్తున్నావు" అన్నాడు.

ఆమెకి కోపం రాలేదు, భయమేసింది. ఈ మనిషి లెక్కలో తనకి జబ్బు మొదలయ్యేది తాను మంచాన పడ్డ రోజునే. అప్పటిదాకా ఎంత చేస్తే అంత ఆరోగ్యం.

చీపురు గోడకి చేర్చి, బట్టలు సర్దుకుని మేడెక్కింది. "వదినా, నేను ఆస్పత్రికి వెళ్తున్నాను. రావడానికి చాలా రోజులు పడుతుంది. వంట మీరే చూసుకోవాలి."

వదిన ఆమె చేతి వంక చూసింది. "ఇంత వాచిందని ఒక్కమాటైనా చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు."

వదిన లేచి, మెట్ల మీది నుంచి కిందికి తొంగిచూసి, "తమ్ముడూ, చీపురు ఖాళీగా ఉంది, అందుకో," అంది.

ఆయన ఏమన్నాడో వినడానికి ఆమె ఆగలేదు. చెప్పులు బురదలో కూరుకుపోతుంటే విప్పి చేత్తో పట్టుకుని నడిచింది. వంతెన దగ్గర బస్సు గుమ్మంలో నర్సు నిలబడి ఉంది.

"మీతో ఎవరొచ్చారమ్మా?"

అలవాటు కొద్దీ ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"నేనొచ్చాను," అని బస్సెక్కింది.