మిర్యాము కోసం పదిమంది

పొద్దు గూకేలోగా బెన్యామీనుకు పదిమంది మగవాళ్ళు కావాలి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో నా పసుపు దుకాణంలో సరుకు నాణ్యత చూసే మనిషి అతను. గుంటూరు వైపు నుంచి వచ్చిన యూదుడు. భార్య మిర్యాము పోయి ఆ సాయంత్రానికి ఏడాది. చనిపోయినవారి పేరున ఆ రోజు కద్దీష్ అనే ప్రార్థన చదువుతారట. పదిమంది కూడితేనే. ఖననానికి వచ్చిన బంధువులు ఈసారి రాలేమన్నారు. తుంటి విరిగిన బెన్యామీను వాళ్ళ దగ్గరికి అంతదూరం పోలేడు.

నాకు ఇదో పెద్ద పని అనిపించలేదు. సీజన్‌లో లారీకి మనుషులు తక్కువైతే తెచ్చేది నేనే. అయ్యూబ్‌ను, భూమన్నను, మరికొందరు హమాలీలను పోగుచేసి, తలలకు రుమాళ్ళు కట్టించి అతని ఇంటికి తీసుకుపోయాను.

“నాకు సదువు రాదు సేటూ,” అన్నాడు భూమన్న దారిలో.

“నోరు కదిలియ్యి సాలు. భజనల నువ్వు జేసేది గదే గద,” అన్నాడు అయ్యూబ్.

బెన్యామీను మంచం మీంచి లేవబోయాడు.

“మందిని తెచ్చిన. సదువు,” అన్నాను.

అతను ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. “మా వాళ్ళయి ఉండాలి సేటుగారూ. వీళ్ళు లెక్కలోకి రారు.”

“ఒక్కపూటకు రానియ్యి. ఎవరు చూస్తరు?”

“వినేవాడే చూస్తాడు.”

నాకు కోపం వచ్చింది. పసుపు కొమ్ముల్లో తక్కువరకం మండ దుంపలు కలిపిన సంచిని చేత్తో తట్టి పక్కన పెట్టేవాడు. ఇప్పుడు మమ్మల్నీ అలాగే పెట్టాడు.

వెలుగు పోయింది. రాత్రీ పగలూ ఆరకూడని దీపం ముట్టించి, బెన్యామీను ప్రార్థనకు నోరు తెరిచాడు. మొదటి మాట దగ్గరే మూసేశాడు.

“పోదామా?” అన్నాడు అయ్యూబ్ మెల్లగా.

“కూర్చోండి. ప్రార్థన ఎలాగూ లేదు. మిర్యాము గురించన్నా నాలుగు మాటలు చెప్పండి,” అన్నాడు బెన్యామీను.

“అక్క నా సద్దిగిన్నె జూసి తిట్టేది,” అన్నాడు భూమన్న. “గివ్వేం నీళ్ళురా అని. మల్ల ఇంత గోంగూర ఏసేది. అమ్మో, ఏం కారం! ఎడమచేత్తోనే ఏసేది.”

“ఎడమచేత్తోనా?” అని అడిగాడు బెన్యామీను.

“కుడిచెయ్యి కాలింది గదన్నా.”

“అవును,” అన్నాడతను. “కాలింది. మర్చిపోయాను.”

తలా ఒకటి చెప్పారు. ప్రతి మాటకూ అతను ముందుకు వంగేవాడు.

నా వంతు వచ్చింది. మిర్యాము ఏళ్ళ తరబడి నా దుకాణంలోనే పసుపు ఏరింది. ఎంత వెతికినా, రోజుకు ఎన్ని సంచులు ఏరేదో తప్ప నాకేమీ దొరకలేదు. “సంచుల లెక్కొక్కటే యాదికుంది,” అన్నాను.

“అదైనా చెప్పండి సేటుగారూ,” అన్నాడు బెన్యామీను.

చెప్పాను.