ప్రేమ్‌చంద్ అరవడం మానేశాడు

ఒంగోలులో సేఫ్టీ లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ సూపర్‌వైజర్ ప్రేమ్‌చంద్ అరవడం మానేశాడు. రెబ్కాకి భయం పట్టుకున్నది అందుకే.

మార్టూరు దగ్గరున్న ఆ గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ అయిన పలకలు కడగడం ఆమె పని. అంతకుముందు ప్రేమ్‌చంద్ గొంతు మిషన్ల మోతను కూడా దాటుకుని వినిపించేది. ఇప్పుడు పొద్దున్నే ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఇక్కడ నీకు భయమనిపించేది ఏదైనా ఉందా అని మెత్తగా అడుగుతున్నాడు. ఏమీ లేదని చెప్పినా వెంటనే కదలడు. కాసేపు అక్కడే నిలబడతాడు.

"నోరు జారామా, రేపట్నుంచి రావద్దంటారు," అంది పక్కన పనిచేసే కరీమున్. నిచ్చెన ఊగుతోందన్న పాపానికి తమతో పనిచేసిన యలమందని పోయినేడు పనిలోంచి తీసేశారు. ఆ సంగతి ఎవరూ మర్చిపోలేదు.

రెబ్కా మనసులో ఉన్నది క్రేన్ బెల్టు. పలకల్ని ఎత్తే ఆ బెల్టు ఒక అంచున చీలి, పోగులు వేలాడుతున్నాయి. పలకలు వెళ్లేది వాళ్లు కడిగే చోటు మీదుగానే. క్రేన్ నడిపే బుల్లయ్యకీ ఆ సంగతి తెలుసు. అతనూ చెప్పలేదు.

ముందు ప్రేమ్‌చంద్‌ని పరీక్షిద్దామనుకుంది. కడిగిన నీళ్లు పోయే కాలవ పక్కన కాలు జారుతోందని చెప్పి ఊరుకుంది. మర్నాటికల్లా అక్కడ రబ్బరు పట్టా పరిచి ఉంది. దాంతో ఆమె అనుమానం తగ్గకపోగా ఇంకా ముదిరింది. చిన్న మంచి చేసి పెద్ద మాట రాబట్టాలని కాదు కదా? పైగా ఆయన ఆ రోజే ఓనరు గదిలోకి వెళ్లి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. తన పేరు చేరవేసి ఉంటాడని ఆమె నిశ్చయించుకుంది.

రెండు రోజుల తర్వాత, లోడు కోసం లారీ వచ్చి నిలబడి ఉంది. ప్రేమ్‌చంద్ ఆమె దగ్గరికొచ్చి మళ్లీ అదే ప్రశ్న మొదలుపెట్టాడు. ఆయన వెనక నల్ల పలక ఒకటి గాల్లోకి లేచి వాళ్ల వైపే వస్తోంది. రెబ్కా ఇంకేమీ ఆలోచించలేదు. ఆయన చొక్కా పట్టుకుని పక్కకు లాగింది.

"ఆ బెల్టు చీలిందండి."

ఆయన తలెత్తి చూశాడు. వెంటనే చెయ్యూపి బుల్లయ్య చేత పలకను కిందికి దింపించాడు.

"ఎప్పట్నుంచి?"

"చానాళ్లయింది."

"మరి చెప్పలేదేం రెబ్కా?"

"చెబితే పనిలో ఉండనిస్తారాండి?"

ఆయన వెళ్లి క్రేన్ స్విచ్చి ఆపేశాడు. లారీ డ్రైవరు గొణిగాడు. కాసేపటికి ఓనరు ఫోను వచ్చింది. షెడ్డులో అందరూ పని చేస్తున్నట్టే ఉన్నారు గానీ చెవులన్నీ ఇటే ఉన్నాయి. రెబ్కా చేతిలో పైపు నీళ్లు ఒకచోటే పోతున్నాయి.

"నేనే చూశానండి, నేనే ఆపాను," అన్నాడు ప్రేమ్‌చంద్. "కొత్త బెల్టు వచ్చేదాకా ఎత్తం." అవతల ఏమన్నారో గానీ ఆయన ముఖం ఎర్రబడింది. అయినా మాట మార్చలేదు.

మర్నాడు బెల్టు వచ్చింది. రెబ్కా వారం చివరిదాకా ఎదురుచూసింది, తనని రావద్దంటారేమోనని. ఎవరూ అనలేదు. అయితే భోజనాల దగ్గర కరీమున్ కాస్త దూరం జరిగి కూర్చుంది. "ఏమే, ఆయన మనిషివైపోయావా?" అనడిగింది. ఆ మాట రెబ్కాని గుచ్చింది. అయినా కరీమున్‌ని తప్పు పట్టలేకపోయింది. మొన్నటిదాకా తనూ ఆయన్ని అనుమానంగానే చూసింది కదా.

సోమవారం ప్రేమ్‌చంద్ కరీమున్‌ని అడిగాడు. అంతా బాగానే ఉందండి అని ఆమె తల వంచుకుంది. ఆయన ముందుకు కదిలాడు.

"మోటారు దగ్గర నీకు షాకు కొట్టింది కదే, చెప్పవా?" అంది రెబ్కా మెల్లగా.

కరీమున్ ఆమె వంక, వెళ్లిపోతున్న ఆ మనిషి వీపు వంక మార్చి మార్చి చూసింది. చేతులు చీరకు తుడుచుకుంది.

"సార్, ఒక్క నిమిషం," అని పిలిచింది.